వేలికి చోటేదయ్యా?

మా రోజుల్లో ఊపిరితిత్తుల ఆపరేషన్‌కి ముందు పరీక్షంటే మెట్లే. పేషెంటుని రెండంతస్తులు ఎక్కించి, పైన ఆయాసం ఎంతుందో చూసి సర్జన్‌కి చెప్పేది మాలాంటి థియేటర్ వాళ్ళమే. ఇప్పుడు గొట్టంలోకి ఊదిస్తే మిషనే కాగితం కక్కుతుంది. దగ్గొచ్చి సగంలో ఆపినవాడు మళ్ళీ ఊదాలి.

బెంగళూరులో కిద్వాయి ఆస్పత్రి 1973లో మొదలైంది. హిందూపురం, అనంతపురం, మదనపల్లె మనవాళ్ళకి హోసూరు రోడ్డు దారి బాగా అలవాటు. నేను చేసింది వేరేచోట, అయినా వార్డులో సగం మాట తెలుగే. మోకాలి దగ్గరి ఎముకలో క్యాన్సరొచ్చి కాలు తీయించుకున్న పిల్లలు ఏడాది తిరక్కుండానే ఛాతీ ఎక్స్‌రేలో తెల్లచుక్కలతో వచ్చేవారు. "ఊపిరితిత్తులకి పాకింది, ఇంటికి తీసుకుపోండప్పా" అనేసేవారు చాలామంది డాక్టర్లు. మా పెద్ద సర్జన్ మాత్రం చుక్కలు లెక్కపెట్టేవారు. మొదటి జబ్బు అణిగుండాలి, ఇంకెక్కడా పాకుండకూడదు, గడ్డలన్నీ తీశాక మిగిలింది ఊపిరికి చాలాలి. ఇవన్నీ కుదిరితేనే కత్తి పట్టేవారు.

వీపు నుంచి చంక కిందిదాకా కోత. పక్కటెముకలు విడదీసి, ఆ వైపు గాలి తీయించి, ముడుచుకుపోయిన ఊపిరితిత్తిని వేళ్ళ మధ్య పెట్టుకుని ఓపిగ్గా తడిమేవారు. స్పాంజిలో బియ్యపుగింజ తగిలినట్టుండేదట. రిపోర్టులో రెండని రాసుంటే వేలికి మూడోది దొరకడం నా కళ్ళతో చూశాను. ఇప్పుడో? రెండు మూడు రంధ్రాలు, కెమెరా, టకటకా స్టేప్లర్. వేలికి చోటేదయ్యా?

సరే, ఒప్పుకుంటాను. ఆ కోత నొప్పి నెలల తరబడి వదిలేది కాదు, ఇప్పుడు నాలుగైదు రోజులకే ఇంటికి పోతున్నారు. స్కాన్లూ బాగుపడ్డాయి. కానీ బంధువులు అడిగేది "ఎన్ని రంధ్రాలు సార్?" అని. అన్నీ తీయగలరా అని అడిగేవాడు లేడు. 1997లో వచ్చిన అంతర్జాతీయ లెక్కలో ఊపిరితిత్తులకి పాకిన గడ్డలకి ఆపరేషనైన 5,206 మంది ఉన్నారు. గడ్డలు పూర్తిగా తీసినవాళ్ళలో ఐదేళ్ళకి బతికున్నది నూటికి 36 మంది, పూర్తిగా తీయలేకపోయినవాళ్ళలో 13. పెద్దపేగు క్యాన్సరు పాకినవాళ్ళలో ఆపరేషన్ లేకుండా కూడా అన్నేళ్ళున్నవాళ్ళు తక్కువేం కాదని తర్వాత బ్రిటన్‌లో చేసిన పరిశీలనలో కనిపించింది. కాబట్టి అసలు ఆపరేషన్ అవసరమా అన్నది కూడా అడగాల్సిన మాటే.

ఇంకో చిరాకు. స్కాన్‌ని ఫోనులో ఫొటో తీసి తెస్తున్నారు! మూడు నెలల కిందటి చుక్క పక్కన ఇవాళ్టి చుక్క పెట్టి చూస్తేగదా అది పెరిగిందో, కొత్తది పుట్టిందో తెలిసేది. పాత ఫిల్ములు, సీడీలు ఒక్కటీ పారేయకండి. అన్నీ సంచిలో వేసుకుని రండి.