మేనల్లుడి మాటకు సంజీవనీ వ్యాఖ్య

మూలం:
"విడి సినిమానే మావయ్యా! కానీ అన్నిట్లోకీ ఇదే టాపు. అందరూ పోతారు, అయినా బావుంటుంది. ఆఖరి పది నిమిషాలకే టికెట్ డబ్బులు వచ్చేసినట్టు."

అవతారిక:
2016 డిసెంబరులో, పెద్దనోట్లు రద్దయి ఏటీఎంల ముందు జనం బారులు తీరిన రోజుల్లో, 'రోగ్ వన్' అనే స్టార్ వార్స్ చిత్రం చూసి హాలు మెట్లు దిగుతూ మా మేనల్లుడు పలికిన వాక్యచతుష్టయమిది. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని అసలు సంజీవనీ వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆయనకు దొరికింది కాళిదాసు కనుక చెల్లింది. నాకు దొరికింది ఇంజనీరింగ్ మూడో సంవత్సరం కుర్రాడు. లేనిది కలపకపోతే ఈ వ్యాఖ్య అరపేజీ దాటదు.

ప్రతిపదార్థం:
మావయ్యా = ఓ మేనమామా; విడి = వరసలో చేరని; సినిమానే = చలనచిత్రమే (ఏవకారం వల్ల కొంత చిన్నచూపు ధ్వనిస్తుంది); కానీ = అయినప్పటికీ; అన్నిట్లోకీ = అప్పటికి వరస అంకెలతో వచ్చిన ఏడింటిలోకీ; ఇదే = ఈ రోగ్ వన్ మాత్రమే; టాపు = శిఖరము. బస్సు టాపు అనే అర్థం ఇక్కడ పొసగదు. తక్కినది సులభము.

తాత్పర్యం:
ఓ మేనమామా! వరసలో లేకున్నా వరసలోని వాటికన్న ఇది మేలు. పాత్రలన్నీ మరణించినా మనసుకు హాయిగా ఉన్నది. పైకము వృథా కాలేదు.

విశేషాలు:
'విడి' అన్న మాట దగ్గర ఆగాలి. విడిపూలు వేరు, దండ వేరు. ఈ సినిమా దండలో గుచ్చని పువ్వని మావాడి భావం. తనంతట తానే నిలిచే పద్యాన్ని ఆలంకారికులు ముక్తకం అన్నారు. మరి ఇది ముక్తకమా? కానే కాదు. 1977 నాటి మొదటి స్టార్ వార్స్ తెర మీద పసుపు అక్షరాలు కింది నుంచి పైకి పాకుతాయి. తిరుగుబాటుదారుల గూఢచారులు డెత్ స్టార్ అనే మహాయంత్రం నక్షాలు దొంగిలించారన్న సంగతి అందులో ఒక ముక్కలో తేలిపోతుంది. ఆ ఒక్క ముక్కకు 2016లో గారెత్ ఎడ్వర్డ్స్ 133 నిమిషాలు తీశాడు. దీన్ని సినిమా అనకూడదు, టీక అనాలి. వరస చిత్రాలన్నిటికీ మొదట ఉండే ఆ పాకే అక్షరాలు దీనికి లేకపోవడానికీ అదే కారణమని నా మతం: ఆ అక్షరాలకు అర్థం చెప్పడానికే ఇంత సినిమా వచ్చింది.

మంచి టీకకు లక్షణం పాత ఆక్షేపణకు సమాధానం చెప్పడం. గ్రహాన్నే పిండి చేసే యంత్రానికి రెండు మీటర్ల కన్నం ఎందుకు పెట్టారు? మొదటి సినిమాలో ఒక్క కుర్రాడు గురిచూసి కొడితే అంతా ఎలా పేలిపోయింది? దాదాపు నలభై ఏళ్లు అభిమానులే నవ్వుకున్న పూర్వపక్షమిది. రోగ్ వన్ సిద్ధాంతం ఏమంటే, గేలెన్ ఎర్సో అనే ఇంజనీరు చేత బలవంతంగా పని చేయించుకున్నారు, అతను యంత్రం గుండెకాయలో కావాలనే లోపం ఉంచాడు. హిరణ్యకశిపుడి వరంలోనూ సందు ఉంది. దాన్ని బ్రహ్మ కావాలని వదిలాడని ఎవరూ అనలేదు. గేలెన్ మాత్రం కావాలనే వదిలాడు. పైగా ఆ నక్షాల దస్త్రానికి కూతురు జిన్‌ను పిలుచుకునే ముద్దుపేరు పెట్టాడు. మన ఇళ్లలో పాస్‌వర్డు పిల్లల పేరే అయినట్టు!

ఈ కథకు బీజం వేసిన జాన్ నోల్ రచయిత కాదు, దృశ్యమాయల నిపుణుడు. అన్నతో కలిసి ఫోటోషాప్‌ను తయారుచేసినవాడు కూడా ఆయనే. మన ఊళ్లలో ఫ్లెక్సీలు కొట్టే ప్రతి దుకాణం ఆయనకు ఋణపడి ఉంది. ఇది మూలంలో లేదు, అయినా రాశాను.

'అందరూ పోతారు' అన్నచోట మరమనిషి కే-టూ కూడా లెక్కలోకి వస్తాడు. యంత్రానికి మహద్వాచకం చెల్లునా? చెల్లుతుంది. ఆ రోజు మా వెనక వరసలో ఎవరో ముక్కు చీదింది వాడి కోసమే. రంగం మీద మరణం చూపరాదన్నది మన నాటక సంప్రదాయం కదా అంటే, భాసుడు 'ఊరుభంగం'లో దుర్యోధనుణ్ణి రంగం మీదే చంపాడు. తెలుగులో 'చచ్చి సాధించాడు' అన్నది తిట్టు. ఆ నక్షాలు దొంగిలించిన జిన్ ఎర్సో బృందానికి మాత్రం అదే బిరుదు.

పోయేవాళ్లే కాదు, వచ్చినవాడూ ఒకడున్నాడు. మొదటి స్టార్ వార్స్‌లో టార్కిన్ అనే ప్రతినాయకుడి వేషం కట్టిన పీటర్ కుషింగ్ 1994లోనే చనిపోయాడు. 2016లో గై హెన్రీ నటించగా, కంప్యూటర్లు ఆయన ముఖాన్ని తెచ్చి అతికించాయి. ఈ విరోధాభాసం మావాడి కంట పడలేదు. నాకు పడింది, నచ్చలేదు. ఆ కళ్లలో తడి లేదు.

'ఆఖరి పది నిమిషాలు' అతిశయోక్తి. మావాడి మనసులో ఉన్నది చీకటి నడవలో ఎర్రకత్తి వెలిగి ప్రతినాయకుడు డార్త్ వేడర్ కనబడే ఘట్టం. అది నికరంగా రెండు నిమిషాలైనా ఉండదు. ఇంటికెళ్లి వాళ్లమ్మతో 'ఆఖరి అరగంట' అన్నాడు, అది పాఠాంతరం. అసలు ఆ ఘట్టం ముందు అనుకున్న కథలో లేదు, బాగా ఆలస్యంగా చేర్చారు. అంటే ప్రక్షిప్తం! జనానికి నోటికొచ్చే పద్యం తీరా చూస్తే ప్రక్షిప్తమని తేలడం మన కావ్యాలకూ అలవాటే. కానీ తలుపు ఇరుక్కుపోయి, ఆ సందులోంచి సైనికుడు నక్షాల బిళ్లను అవతలివాడికి అందించే క్షణం చూడండి. ఆ బిళ్ల చేతులు మారి రాకుమారి లీయాకు చేరితేనే 1977 సినిమా మొదలవుతుంది. మావాడు 'విడి' అన్నది దండకు ముడి.

ఇక 'టికెట్ డబ్బులు వచ్చేసినట్టు'. ఇక్కడ 'అట్టు' అన్నది ఉత్ప్రేక్షావాచకం. వచ్చాయని కాదు, వచ్చినట్టు ఊహ మాత్రమే. ఆ రోజు కొత్త రెండువేల నోటుకు చిల్లర దొరక్క, కౌంటరు దగ్గర పావుగంట నిలబడి రెండు టికెట్లూ కొన్నది ఈ వ్యాఖ్యాత. ఆ డబ్బులు ఇంకా రాలేదు.