పాటలకు పట్టా ఇప్పించగలరు

గౌరవనీయులైన పాటల తహసీల్దారు గారి సముఖమునకు,

విషయం: నా స్వాధీనంలో ఉన్న పాటలకు పట్టాదారు పాసుపుస్తకం మంజూరు, పేర్ల సవరణ, కబ్జాల తొలగింపు, విరాసత్ గురించి.

ఆర్యా,

పుట్టింది కోరుట్ల, బతుకుదెరువు జగిత్యాల, మా అక్కనిచ్చింది సిరిసిల్ల. ఈ మూడు ఊర్ల నడుమ బస్సుల తిరుగుకుంట పాటలు విన్నోణ్ణి. ఇట్లాంటి దరఖాస్తులు సోమవారం ప్రజావాణిల ఇయ్యాలంటే పోయిన. వరుసల నా ముందటాయన అర ఎకరం కోసం వచ్చిండు, ఎనుకున్నామె పింఛన్ కోసం వచ్చింది. వాళ్ల నడుమ నిలవడి "సారూ, నా పాటలు పోయినయి" అనుటానికి నోరు రాలేదు. అందుకే బహిరంగంగా రాస్తున్న. తమరి ఆఫీసు ఏ మండలంల ఉన్నదో ఎవరూ చెప్తలేరు. లేకుంటే ముందు అది పెట్టించున్రి.

మా ఇంటి పాత కాగితాలల్ల రేడియో లైసెన్సు పుస్తకం ఒకటున్నది. 1980ల దాక రేడియో కొనుక్కుంటే సరిపోకపోయేది. ఏటేటా పోస్టాఫీసుకు పోయి రుసుము కట్టి, పుస్తకంల ముద్ర వేయించుకోవాలె. పాట సర్కారుది, గాలి సర్కారుది, పెట్టె ఒక్కటే మాది. మా బాపు దాన్ని భూమి కాగితాల సంచిలనే దాచిండు. ఇప్పుడు పిల్లలు చూసి నవ్వుతరు గని, మా ఇంట్ల పాట ఉన్నదని సర్కారు ముద్రేసి ఇచ్చిన కాగితం అదొక్కటే.

తర్వాత గల్ఫ్ వచ్చింది. మా దిక్కు నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ పోయినోళ్లు సెలవు మీద వచ్చేటప్పుడు రెండు మోసుకొచ్చేటోళ్లు: పెద్దపెద్ద పూల దుప్పటి, టూ ఇన్ వన్. మా కాక తెచ్చిన టూ ఇన్ వనే చాన్నాళ్లు మా వాడకు టాకీసు. క్యాసెట్లల్ల పాటలే కాదు, మనుషులు సుత వచ్చేటోళ్లు. కాకకు ఉత్తరం రాసుడు రాదు. రూంల కూసొని క్యాసెట్ల మాట్లాడి, ఊరికొచ్చేటోని చేతికిచ్చి పంపేది. ఒక దిక్కు కాక గొంతు, ఇంకో దిక్కు సినిమా పాటలు. దాని మీద ఎవరన్న మళ్ల రికార్డు చేస్తరని బాపు క్యాసెట్ వీపు మీదుండే చిన్న ప్లాస్టిక్ పలకను స్క్రూడ్రైవర్‌తోని పటుక్కున విరగ్గొట్టిండు. అది విరిగినంక రికార్డు బటన్ దిగదు. తమరి భాషల చెప్పాలంటే నిషేధిత జాబితాల పెట్టినట్టు. అయితే తమరి జాబితాకు లేని సులువొకటి దీనికున్నది: ఆ సందుల కాగితం ముక్క కుక్కితే మళ్ల రికార్డు అయితది. మా అన్న కుక్కిండు. కాక గొంతు సగం మీదికి చిరంజీవి పాటలు ఎక్కినయి.

అటెన్క చిప్పుల కాలం. జగిత్యాల టవర్ కాడ మొబైల్ దుకాణంల నాలుగు జీబీ చిప్పు చేతికిస్తే "పాతయా, కొత్తయా, డీజేనా, భక్తా?" అని అడిగి కంప్యూటర్ నుంచి గంపగుత్తగా పోసేటోడు. ఐదు నిమిషాల పాట 128 కేబీపీఎస్ ఎంపీ3ల ఐదు ఎంబీ లోపట్నే ఒదుగుతది. అంటే చిప్పుకు సుమారు ఎనిమిది వందల పాటలు. రసీదు లేదు, సాక్షి సంతకం లేదు. ఇది అచ్చంగ సాదాబైనామా. దొంగ సొత్తు గద అని తమరంటరు. కావొచ్చు. గని క్యాసెట్ దుకాణాలు మూతపడ్డంక, ఇంట్ల నెట్టు లేని ఆ రోజులల్ల, పైసలు తీసుకొని హక్కుగ పాట అమ్మే జాగ మా మూడు ఊర్లల్ల ఎక్కడుండెనో తమరే చూపియ్యున్రి. తెల్లకాగితం మీద భూమి కొన్నోళ్ల దరఖాస్తులు సర్కారు తీసుకున్నది. చిప్పుల ఎక్కించుకున్నోళ్ల మాట ఎత్తినోడు లేడు. ఫైలు పేరుకు ఎంపీ3 అన్న తోకను 1995 జూలై 14న ఖాయం చేసింది జర్మనీల ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఇంజనీర్లు. వాళ్లు సుత 2017 ఏప్రిల్‌ల పేటెంట్ల లైసెన్సు వసూళ్లు బంద్ పెట్టుకున్నరు.

ఇప్పుడు మా అమ్మ స్పీకర్ సంగతి. అమ్మ బీడీలు చేస్తది. ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు, కత్తెర, దారం. రెండు చేతులకు పని, చెవులే ఖాళీ. ఆమె కోసం పెన్‌డ్రైవ్ పెట్టే స్పీకర్ ఒకటి తెచ్చిన. బటన్ ఒత్తంగనే ఎవతో ఆడమనిషి ఇంగ్లీషుల "బ్లూటూత్ మోడ్" అని కేక పెడతది. "అగో, లేచింది నా సవతి" అంటది అమ్మ. దానికి తెర లేదు, ముందుకు, ఎనుకకు రెండే బటన్లు. పేరు వరుసన పాడదు, సినిమా వరుసన పాడదు. పెన్‌డ్రైవ్‌లకు ఏది ముందుగాల కాపీ అయిందో అది ముందు పాడతది. కంప్యూటర్ మనకు పేర్ల వరుసన చూపెడతది గని అది కంటితుడుపు. లోపలి పట్టికల ఎక్కిన వరుసే స్పీకర్‌కు శాసనం. పేర్ల ముందట 001, 002 అని అంకెలు పెట్టినా దానికి లెక్క లేదు. కరెంటు పోయి వస్తే మళ్ల ఒకటో పాటే. అందుకే మా వాడకట్టు మొత్తానికి మొదటి పది పాటలు నోటికొచ్చు, రెండు వందల తర్వాత ఏమున్నయో పాటలు ఎక్కించిన నాకే తెల్వది. వరుస మార్చాలంటే పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, అమ్మ బీడీలు చుట్టుకుంట చెప్పిన క్రమంల ఒక్కొక్కటే కాపీ చెయ్యాలె. "అది కాదు బిడ్డా, దాని ముందటిది" అంటది. దేని ముందటిదో, ఏ పెళ్లిల విన్నదో!

2017ల సరిగమ కంపెనీ 5,000 హిందీ పాటలు నింపి కారవాన్ అని పాత రేడియో రూపంల ఒక పెట్టె తెచ్చింది. ఫోన్ల లక్షల పాటలు ఉండంగ దీన్నెవరు కొంటరు అన్నోళ్లున్నరు. కొన్నరు, తెలుగుది సుత వచ్చింది. ఎందుకు కొన్నరో బీడీలు చుట్టే చేతులను అడిగితే తెలుస్తది. తిప్పితే పాడాలె, అంతే.

సిరిసిల్ల కథ వేరు. బీవైనగర్ల మా బావ మరమగ్గాల నడుమ నిలవడి పని చేస్తడు. రెండు దిక్కుల మగ్గాలు కొడుతుంటే స్పీకర్ ఎంత పెద్దదైనా పాట చెవి దాక రాదు. అందుకే ఒక్క చెవిల ఇయర్‌బడ్ పెడతడు. ఇంకో చెవి మగ్గానికి ఇడిసిపెడతడు, చప్పుడు తేడా వస్తే ముందుగాల పసిగట్టేది ఆ చెవే. కొన్ని పాత స్టీరియో రికార్డులల్ల గొంతు ఒక దిక్కు, వాద్యాలు ఒక దిక్కు విడదీసి పెట్టేటోళ్లు. బావ ఎడమ చెవికి వచ్చింది తబలానే కాబట్టి, కొన్ని పాటలను ఆయన తబలా వరకే ప్రేమించిండు. పాడినామె ఉన్నదని నేను చెప్తే "అవునా" అన్నడు.

ఇగ అసలు దరఖాస్తుకు వస్త. ఎంపీ3 ఫైలు తోకల 128 బైట్ల పహాణీ ఒకటుంటది. 1996ల పుట్టిన ఏర్పాటు. మొదటి 3 గుర్తుకు, పాట పేరుకు 30, పాడినోళ్లకు 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, చిల్లర మాటలకు 30, ఏ తీరు పాటో చెప్పుటానికి 1. కూడితే లెక్క సరిగ్గనే ఉన్నది. రాసినోడే లేడు. తెలుగు అక్షరానికి సుత అండ్ల జాగ లేదు. తర్వాతి రకంల రచయితకు వేరే గడి పెట్టిన్రు, తెలుగు సుత పడుతది. గని నింపినోడెవడు?

ఇప్పటి సిరిసిల్ల జిల్లా హనుమాజీపేటల 1931ల పుట్టిన సి. నారాయణరెడ్డి (సినారె) గారు 1962ల 'గులేబకావళి కథ'తోని సినిమా పాటల్లకు వచ్చిన్రు. 1988కి జ్ఞానపీఠం తెచ్చిన్రు. ఆ సినిమా నా పెన్‌డ్రైవ్‌ల మూడు చోట్ల మూడు పేర్లతోని ఉన్నది. ఇంగ్లీషుల బకావళికి ఒకడు 'వి' పెట్టిండు, ఒకడు 'డబ్ల్యూ' పెట్టిండు, ఇంకొకడు గులేను, బకావళిని విడగొట్టి ఒక్క కమతాన్ని రెండు సర్వే నంబర్లు చేసిండు. పాడినోళ్ల గడిల ఒక కాడ ఘంటసాల, ఒక కాడ ఎన్టీఆర్ (ఆయన పెదవులే ఆడిచ్చిండు సారూ), ఇంకో కాడ పాట దింపుకున్న వెబ్‌సైట్ పేరు, ఆఖర్ల డాట్ కామ్‌తోని సహా. ఇది కబ్జా కాకపోతే ఏంది? సినారె పేరు మూడిట్ల ఏ ఒక్కదాన్ల లేదు. ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలం ఎగిరిపోయిందని, కాస్తు చేసేటోడు రికార్డుల కనవడకుంట పోయిండని రైతులు లొల్లి చేసిన్రు గద. పాటలల్ల ఆ కాలం మొదటి నుంచే లేదు.

చట్టం మాత్రం ఆయనను మరవలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డుకు, అది విడుదలైన ఏడు ముగిసినంక 60 ఏండ్లు హక్కు. 1962ల వచ్చిన రికార్డుకు 2022 డిసెంబర్‌తోని ఒడిసింది. రాసిన మాటలకు, రాసినోళ్లు పోయినంక 60 ఏండ్లు. సినారె 2017 జూన్‌ల పోయిన్రు, అంటే 2077 ఆఖరు దాక. 2012ల చట్టం సవరించి, రాయల్టీల రచయిత వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకొకరికి రాసియ్యరాదన్నరు. అంటే గొంతు పోరంబోకు అయింది, మాట ఇంకా పట్టాలనే ఉన్నది. 2077 దాక హక్కున్న మనిషికి 128 బైట్లల్ల ఒక్క బైటు రాలేదు.

బతుకమ్మ పాటలకు మాత్రం ఆర్టిస్టు గడిల 'అన్‌నోన్' అని వస్తది. రాసినోళ్ల వరకు యంత్రం నిజమే చెప్పింది, దాన్ని దిద్దమని అడగను. గని పాడినామెకు పేరున్నది, ఊరున్నది. ఆమె గడి నింపియ్యున్రి.

ఇప్పుడు నడుస్తున్నదంతా కౌలు. నెలకింత కడితే యాప్‌ల కోట్ల పాటలు వినొచ్చు, ఒక్కటీ నాది కాదు. కౌలుకిచ్చినోడు దుకాణం కట్టేస్తే ఏమైతదో చూసినం: గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 ఆఖర్ల పోయింది, రెస్సో మన దేశంల 2024 జనవరి 31న, వింక్ అదే ఏడు. ఏండ్లకేండ్లు ఏరికోరి పేర్చుకున్న వరుసలు పెట్టుకున్నోళ్లు ఇంకో యాప్‌కు మూటముల్లె సర్దుకోవాలె. ముంపు అనబోయిన గని ఆగిన. మిడ్ మానేరు కింద ఊర్లు పోగొట్టుకున్నోళ్లు సిరిసిల్ల జిల్లాల ఉన్నరు, వాళ్ల ముందట నా పాటల ముంపు ఓ ముంపే కాదు.

విరాసత్ ఒక్కటి మాత్రం గట్టిగ అడుగుత. బాపు పోయినంక భూమికి విరాసత్ అయింది. క్యాసెట్ల డబ్బా అన్నదమ్ములం పంచుకున్నం; కాక గొంతున్నది అన్న ఉంచుకున్నడు, పాపం చేసినోడే కాపలా కాస్తున్నడు. బాపు ఆఖరు ఏండ్లల్ల ఫోన్ల హరికథలు, ఒగ్గుకథలు, పాత పాటలు ఏరి ఒక వరుస పెట్టుకున్నడు. ఆ యాప్ తెరుద్దామంటే ఓటీపీ బాపు నంబరుకు పోతది. రీచార్జ్ లేక ఆ నంబరు బంద్ అయి, ఇప్పుడు ఎవరికో ఇచ్చిన్రట. వారసులమని యాప్ కంపెనీకి ఉత్తరం పెడితే, ఖాతా వ్యక్తిగతం, ఇంకొకరికి మార్చరాదు అని జవాబొచ్చింది. పంచనామా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెడితే నడుస్తదా అని మళ్ల రాసిన. దానికి జవాబు రాలేదు.

కావున తమరు సర్వేయర్‌ను పంపించగలరు. కోరుట్లకే పంపున్రి, కరెంటు ఉన్నప్పుడు పంపున్రి, ఒకటో పాట నుంచి మొదలుపెట్టే ఓపికున్నోణ్ణి పంపున్రి. అమ్మ చెప్పే సరిహద్దులు రాసుకోవాలె.

ఇట్లు,
దరఖాస్తుదారు

జతపరచినవి: పెన్‌డ్రైవ్ ఒకటి. క్యాసెట్ జిరాక్స్, ఏ దిక్కు, బి దిక్కు. జిరాక్స్ ఆయన రెండు పేజీల పైసలు తీసుకున్నడు గని గెజిటెడ్ సంతకం ఇంకా దొరకలేదు.