మామునూరు రన్‌వే, మా బామ్మర్ది మదర్‌బోర్డు

కంప్యూటర్ వాడే ప్రజలకు శుభవార్త. కంప్యూటర్ డబ్బాలో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య సమాచారం నడిచే దారికి 2028 నాటికి సెకనుకు ఒక టెరాబైటు మోసే కొలతలు వస్తాయట, రానూపోనూ కలిపి. దారి పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 8.0. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో కూర్చుని ఈ దారుల కొలతలు ఖరారు చేసే పీసీఐ సిగ్ అనే సంఘం 2025 ఆగస్టులో ఈ ముచ్చట బయటపెట్టింది. 7.0 కొలతలు పూర్తిచేసి అప్పటికి రెండు నెలలే. ఇక 6.0 అంటారా, అది 2022 జనవరి నాటి మాట. అది ఇప్పటికీ హన్మకొండ చౌరస్తాలో ఏ కొట్టు అద్దాల వెనుకా కనిపించలేదు.

సంఘం మాట తప్పేది కాదు. 2003లో మొదటి తరం దారిలోని ఒక్కో లేన్‌లో సెకనుకు 2.5 గిగాట్రాన్స్‌ఫర్లతో బయల్దేరింది. మూడో తరం 8, నాలుగో తరం 16, 2019లో ఐదో తరం 32, ఆరుకు 64, ఏడుకు 128. మూడేళ్లకోసారి రెట్టింపు చేస్తామని ఇప్పుడు సగర్వంగా చెప్పుకుంటున్నారు. మూడు నుంచి నాలుగుకు రావడానికి మాత్రం ఏడేళ్లు పట్టింది, 2010 నుంచి 2017 దాకా. శుభకార్యంలో అలాంటివి ఎవరూ గుర్తుచేయకూడదు.

మా వరంగల్ వాళ్లకు దారి ఉండి బండి రాని ఈ వ్యవహారం విడమర్చి చెప్పక్కర్లేదు. మాకు మామునూరు ఉంది. నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం, 1981 దాకా విమానాలు దిగిన చోటు. ఆ తర్వాత రన్‌వే మిగిలింది, విమానం మిగల్లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది, పటాకులు కాల్చాం. ఉత్త రన్‌వేని చూసుకుని మురవడంలో మాకు నాలుగు దశాబ్దాల అనుభవం ఉంది.

మా బామ్మర్దిది అదే మట్టి. ఇంటెల్ పన్నెండో తరం ప్రాసెసర్లు 2021 నవంబరులో వచ్చాయి, ఐదో తరం స్లాటున్న మదర్‌బోర్డులతో సహా. వచ్చీ రాగానే కొనడానికి పోయాడు.

"ఇది ఫ్యూచర్ ప్రూఫ్ అన్నా. పదేండ్లదాక మళ్ల చూసుకునే పని లేదు" అన్నాడు కొట్టు పిల్లగాడు.

"మంచిగుంది. ఈ స్లాట్ల ఏం పెట్టాలె?"

"ఇంకా ఏం రాలే అన్నా. వస్తయ్."

వచ్చాయి, 2025 జనవరిలో. ఇంటి కంప్యూటర్లకు ఐదో తరం గ్రాఫిక్స్ కార్డులు ఎన్విడియా తెచ్చేసరికి మా వాడి స్లాటుకు మూడేళ్లు నిండాయి. అందులో పెద్ద కార్డు ధర అప్పట్లో రెండు లక్షల పైచిలుకు. సరే, అప్పో సొప్పో చేశాడే అనుకుందాం. అదే కార్డును పాత నాలుగో తరం స్లాటులో పెట్టి ఆట ఆడితే తగ్గే వేగం ఒకటి రెండు శాతం. ఆ శాతాన్ని కంటితో పట్టగలిగినవాడు కంప్యూటర్ ముందు కాదు, క్రికెట్ మ్యాచ్‌లో థర్డ్ అంపైర్ కుర్చీలో ఉండాలి.

కార్డు పోతే పోనీ, ఎస్‌ఎస్‌డీ ఉందిగా అన్నాడు. ఉంది. ఐదో తరంది సెకనుకు 14 గిగాబైట్ల దాకా చదువుతుంది. ఆ వేగానికి అది కాగుతుంది గనుక దాని నెత్తిన ఇంత అల్యూమినియం దిమ్మ పెడతారు, కొన్నిటికి బుల్లి ఫ్యాను కూడా. అయినా వేడెక్కితే తనంతట తానే నెమ్మదిస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మా ఊళ్లో మనుషులు చేసే పనే అది. ఇంతకీ మా వాడింటికి వచ్చే ఇంటర్నెట్ వంద మెగాబిట్లు, అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఎస్‌ఎస్‌డీ దానికంటే వెయ్యి రెట్లు వేగంగా ఎదురుచూస్తుంది. సర్కారు వెబ్‌సైటులో ధ్రువపత్రం కోసం చక్రం తిరుగుతుంటే మాత్రం ఏ తరం ఎస్‌ఎస్‌డీ అయినా ఒకటే.

మరి ఈ రెట్టింపులన్నీ ఎవరికి? డేటా సెంటర్లకు. ఏఐకి శిక్షణ ఇచ్చే యంత్రాలు వేలకు వేలు ఒక్కచోట చేరి క్షణం ఖాళీ లేకుండా మాట్లాడుకోవాలి, వాటికి ఎంత వెడల్పు దారైనా ఇరుకే. ఆరో తరంలో తీగ మీద రెండు మెట్ల సంకేతం బదులు నాలుగు మెట్ల సంకేతం పంపుతారు. మెట్లు దగ్గరైన కొద్దీ తప్పులు పెరుగుతాయి, తప్పులు దిద్దే ఏర్పాటు కావాలి, రాగి తీగ మీద సంకేతం ఎక్కువ దూరం నిలవదు, ఖరీదైన బోర్డు కావాలి. లక్షల డాలర్ల సర్వరులో ఆ ఖర్చు కలిసిపోతుంది. యాభై వేల ల్యాప్‌టాప్‌లో ఎవడు పెడతాడు? ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్లు చేసే సిలికాన్ మోషన్ అధిపతి 2030 దాకా ఇంటి కంప్యూటర్లలో ఆరో తరం ఊసే ఉండదని తేల్చేశాడు. ఆయన సరుకు అమ్ముకునేవాడు. అమ్ముకునేవాడే వద్దంటున్నాడంటే నమ్మొచ్చు.

ఇందులో మనవాళ్ల చెయ్యి లేదనుకోకండి. 1959లో మొదలైన మా ఆర్‌ఈసీ, ఇప్పటి నిట్, చిప్పులు గీసే ఇంజినీర్లను తరాల తరబడి పంపుతూనే ఉంది. హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం పెట్టుకున్న మైక్రాన్ కంపెనీయే 2025లో డేటా సెంటర్ల కోసం ఆరో తరం ఎస్‌ఎస్‌డీని అందరికంటే ముందు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో అదే మైక్రాన్, మామూలు జనానికి ర్యామూ ఎస్‌ఎస్‌డీలూ అమ్మే తన క్రూషియల్ దుకాణం కట్టేస్తున్నామని ప్రకటించింది. ఏఐ గిరాకీ అంత ఉందట. వినియోగదారుడికి ఆరో తరం ఎప్పుడు అందుతుందని అడుగుతూ కూర్చున్నాం కదా, ముందు వినియోగదారుణ్నే వదిలించుకున్నారు.

మా బామ్మర్దికి ఇంత వివరంగా చెప్పాను. మూడో తరం, నాలుగో తరం దారులే నీకు ఎక్కువ, డబ్బులుంటే ర్యామ్ ఇంకొంచెం వేసుకోరా అన్నాను. బుద్ధిమంతుడు, వెంటనే కొట్టుకు ఫోన్ కొట్టాడు.

"తమ్మీ, పదహారు జీబీ ర్యామ్ ఎంతనే?"

"పొద్దుగాలది చెప్పాల్నా, ఇప్పటిది చెప్పాల్నా అన్నా?"