సూపర్ అడ్మిన్ కుర్చీ

(ఒక ట్రస్టు ఆఫీసు. చైర్మన్‌గారికి ఇంజినీరింగ్ కాలేజీ, స్కూలు, కల్యాణ మండపం ఉన్నాయి. తమ్ముడితో పొత్తులో ప్లాట్ల వెంచరు ఒకటి. నాలుగింటికీ వెబ్‌సైట్లు కావాలి, బడ్జెట్టు మాత్రం ఒకదానికే. ఇలాంటి చోట్లే సాంకేతిక విప్లవాలు వస్తుంటాయి.)

చైర్మన్: ఏం బాబూ, నాలుగు కొటేషన్లు పెట్టావు? వర్డ్‌ప్రెస్ ఒక్కసారి ఎక్కిస్తే నాలుగూ నడవవా?

కుర్రాడు: నడుస్తాయండి. మల్టీసైట్ అంటారు. 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అది వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. ప్రోగ్రామ్ ఒక్కటే, డేటాబేసూ ఒక్కటే. అందులో ఏ సైటు పట్టికలు ఆ సైటువే, మొదటి సైటువి తప్ప మిగతావాటి పేర్లలో నంబరు ఉంటుంది. కాలేజీకి ఒక థీమ్, మండపానికి ఇంకోటి. చూసేవాళ్లకు చుట్టరికం తెలియదు.

అకౌంటెంటు: బిల్లు కూడా ఒక్కటేనా?

(ఆయన అడిగిన సాంకేతిక ప్రశ్న ఇదొక్కటే. తూచినట్టు అడిగాడు.)

కుర్రాడు: ఒక్కటేనండి. అప్‌డేట్లూ ఒక్కసారి చేస్తే చాలు.

చైర్మన్: అర్థమైంది. మన మండపంలో హాళ్లు మూడు, వంటశాల ఒకటి. అంతేగా?

కుర్రాడు: అంతేనండి. సాంబారులో ఉప్పెక్కువైతే మూడు హాళ్లలోనూ ఎక్కువే.

బామ్మర్ది: బావా, అదంతా నేను చూసుకుంటాలే. సూపర్ అడ్మిన్ అని ఏదో ఉంటుందట, అది నా పేరున రాయించు.

కుర్రాడు: అక్కడే కాస్త ఆలోచించాలండి. ఒక్కో సైటు అడ్మిన్ తన సైటు వరకే. కొత్త ప్లగిన్ ఎక్కించాలన్నా, సైటు పుట్టించాలన్నా సూపర్ అడ్మినే.

బామ్మర్ది: అందుకేగా అడుగుతున్నది! మండపం సైటు తెరవగానే పూలు రాలే ప్లగిన్ ఒకటి పట్టాను. బయట డాలర్లు పోసి కొనాలి, మనకు ఫ్రీగా దొరికింది.

కుర్రాడు: ఫ్రీగా ఇచ్చినవాడు అందులో దొడ్డిదారి పెట్టుకునే ఇస్తాడండి.

బామ్మర్ది: పెడితే పెట్టనీ. మండపానికే కదా ఆన్ చేసేది?

కుర్రాడు: ఆన్ చేసేది మండపానికే. కానీ మామూలుగా కడితే డేటాబేసు తాళం నాలుగింటికీ ఒక్కటే. మండపంలో కూర్చున్న ప్లగిన్ కాలేజీ పట్టికలూ తెరవగలదు. పైన పూలు, కింద పిల్లల ఫోన్ నంబర్లు.

చైర్మన్: అంత జరుగుతుందా?

కుర్రాడు: దొంగ ప్లగినే అక్కర్లేదండి. 2014 అక్టోబరు 15న వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన డ్రూపల్ అసలు ప్రోగ్రామ్‌లోనే పెద్ద లొసుగు బయటపడింది. ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు సరిచేసుకోనివాళ్లు సైటు చేజారిందనే అనుకోండని రెండు వారాల తర్వాత వాళ్ల భద్రతా బృందమే చెప్పింది.

చైర్మన్: ఏడు గంటల్లోనా? మా బామ్మర్ది పొద్దున ఏడు గంటలకు లేవడమే కష్టం.

కుర్రాడు: లేచినవాడికి మాత్రం ఒకే ఇన్‌స్టలేషన్ వరమేనండి. ఒక్కసారి మరమ్మతు చేస్తే అన్ని సైట్లకీ చేసినట్టే. లేవకపోతే అన్నీ కలిసే పోతాయి.

చైర్మన్: మరి పెద్ద పెద్దవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

కుర్రాడు: తెలుగు వికీపీడియా, తెలుగు వికీసోర్సు, ఇంకా వందల వికీలూ ఒకే మీడియావికీ ప్రోగ్రామ్ మీద నడుస్తాయండి. ఏ వికీకి ఏ లోగో, ఏ సెట్టింగు అన్నది ఆ వికీ పేరున రాసుకుంటారు. డేటాబేసులు మాత్రం ఎవరివి వాళ్లకే. కొత్త వెర్షన్ కూడా ఒక్కసారే వదలరు. మామూలు వారంలో మంగళవారం పరీక్ష వికీలకు, బుధవారం వికీసోర్సు లాంటివాటికి, ఏమీ తేడా రాకపోతే గురువారం వికీపీడియాలకు.

బామ్మర్ది: మంగళవారం కొత్త పని మొదలెడతారా! బావా, ఇది మనకు అచ్చిరాదు.

అకౌంటెంటు: ఇన్ని తతంగాలు ఉన్నాయి కాబట్టే వాళ్లు చందాలు అడుగుతారండీ.

(చైర్మన్ లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు. అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది.)

చైర్మన్: బాబూ, మాటవరసకే... రేపు మా తమ్ముడు వేరుపడితే వెంచరు సైటు విడదీసి ఇవ్వొచ్చా?

కుర్రాడు: వెంచరు పట్టికలు తీసి ఇవ్వొచ్చండి. చిక్కంతా మనుషులతోనే. లాగిన్ అయ్యేవాళ్లంతా నాలుగు సైట్లకూ కలిపి ఒకే పట్టికలో ఉంటారు. ఎవరు ఎవరివాళ్లో ఏరాలి. ఫొటోల లింకులూ మార్చుకోవాలి.

చైర్మన్: మనుషుల్ని ఏరే పంచాయితీ నాకొద్దు. వెంచరుకు ఇవాళే విడిగా కట్టు.

అకౌంటెంటు: అంటే రెండో బిల్లా అండీ?

చైర్మన్: తమ్ముడి ఖాతాలో రాయండి.

కుర్రాడు: మరి మిగతా మూడింటికీ సూపర్ అడ్మిన్ ఎవరండి?

చైర్మన్: ఇంకెవరు? నేనే. పాస్‌వర్డు మాత్రం మా బామ్మర్దికి వాట్సాప్‌లో పంపు. నాకు టైపింగు రాదు.

కుర్రాడు: అలాగేనండి. హ్యాకయ్యాక శుభ్రం చేసే పనికి కూడా ఇప్పుడే కొటేషన్ ఇస్తాను. సగం అడ్వాన్సు ఇప్పించండి.