నాయనను అడగని ప్రశ్నలు

చూడదగ్గ చరిత్రంతా రాజధానిలోనే ఉంటుందని చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను. సెలవులు రాగానే పిల్లలను తీసుకుని గద్వాలలో హైదరాబాదు రైలెక్కేవాణ్ని. మూసీ దాటించి, చార్మినార్ చూపించి, 1591లో కులీ కుతుబ్ షా కట్టించాడని చెప్పేవాణ్ని. గోల్కొండ వాకిట్లో చప్పట్లు కొట్టించేవాణ్ని. ఇంటికి తిరిగొస్తే ఇక్కడ చూడాల్సిందేమీ లేదనుకునేవాణ్ని. నా తెలివితక్కువతనం వల్ల ఎంత పోగొట్టుకున్నానో ఇప్పుడు తెలిసొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను డిగ్రీ చదివింది గద్వాల కోటలోనే. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున్న కళాశాల ఆ గోడల మధ్యే ఉంది. రోజూ కోట వాకిలి దాటి తరగతికి పోయాను. అయినా మా అక్క కొడుకు ఒకనాడు, "మామా, మన కోట ఎవరు కట్టిచ్చినారు?" అని అడిగితే నోరు పెగల్లేదు. గోల్కొండ సుల్తానుల పేర్లు వరసగా చెప్పగలను, ఈ కోట కట్టించిన మా సోమనాద్రి పేరు మాత్రం గుర్తుకు రాలేదు. పండితులను ఆదరించి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న సంస్థానం ఇది. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారి జోడు పంచెలను ఏటా ఇక్కడి నేతగాళ్లే నియమంతో నేస్తారు. మగ్గం చప్పుడు వింటూ పెరిగాను కానీ, లోపలికి పోయి ఆ పని ఎట్లా చేస్తారని ఒక్కరినీ అడగలేదు.

కర్నూలు సంగతి తలచుకుంటే ఇంకా బాధగా ఉంటుంది. తుంగభద్ర ఒడ్డునున్న ఆ ఊరు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. టంగుటూరి ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. భవనాలు చాలక కచేరీలు డేరాల్లో నడిపారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. అప్పటిదాకా మా గద్వాల, అలంపూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలో, రాయచూరు జిల్లా కింద ఉండేవి. అలంపూరు వాళ్లకు తమ రాజధాని ఎక్కడో దూరాన, పక్క రాష్ట్రం రాజధానేమో ఏటికి అవతలే.

మా నాయన ఆ రోజుల్లో శెనక్కాయలు అమ్మడానికి కర్నూలు పోయేవాడు. అన్నం తినేటప్పుడు, "కర్నూల్ల డేరాలేసినప్పుడు..." అని మొదలుపెట్టేవాడు. "ఇప్పుడెందుకు నాయనా ఆ పాత సంగతులు!" అనేవాణ్ని. ఆయన ఊరుకునేవాడు. నాకు కర్నూలంటే ఆసుపత్రులు, బట్టల అంగళ్లు. విజయనగర రాజుల కాలం నాటి కొండారెడ్డి బురుజు, చుట్టాలు ఎదురుపడడానికి చెప్పుకునే గుర్తు, అంతే.

నాయన పోయాక ఒక్కణ్నే వెళ్లాను. బురుజు చూశాను. బిజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి హంద్రీ ఒడ్డున ఉంటే అదీ చూశాను. రాతి కట్టడాలు నాకోసం ఆగాయి. డేరాలు ఎక్కడ వేశారో, ఆ మూడేళ్లూ ఊరు ఎట్లా కిటకిటలాడిందో చూపడానికి మాత్రం నాయన లేడు.

మా అవ్వ విషయంలోనూ ఇదే చేశాను. ఆమె పుట్టింది కొల్లాపురం వైపు, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఆ ఊరు మునిగిపోయింది. మునకలోకి వచ్చే పాత గుళ్లను రాయికి రాయి విప్పి సోమశిలలో, జటప్రోలులో, అలంపూరులో మళ్లీ నిలబెట్టారు. అవ్వ వాళ్ల వీధినీ, బావినీ, ఇరుగుపొరుగు పేర్లనూ అట్లా తెచ్చి నిలబెట్టగలిగింది అవ్వ ఒక్కతే. ఆమె ఉన్నన్నాళ్లూ నేను సోమశిలకు పుట్టి షికారుకు పోయాను కానీ, ఆమె పక్కన కూర్చుని అడగలేదు.

ఇదే నేలకు చెందినవాళ్లు ఎంతో ముందే దారి చూపించారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పారు. గడియారం రామకృష్ణ శర్మ అలంపూరులోనే ఉండి ఆ ఊరి గుళ్ల చరిత్ర కోసం జీవితమంతా పనిచేశారు. వాళ్లు ఎక్కడికో పోయి వెతకలేదు, ఉన్నచోటే అడిగారు, రాశారు.

మా పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. వారం వారం ఆమె దగ్గర కూర్చుని ఊళ్ల పేర్లు, జాతరలు, ఏరు దాటిన రేవులు రాసుకుంటున్నాను. కొన్ని ఆమె మరిచిపోయింది. పదేళ్ల ముందు వచ్చి ఉంటే అవీ చెప్పేది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సెలవుల్లో ఊరు చూడటానికి వాళ్లను వెంటబెట్టుకుని పోండి. వాళ్లు మొదలుపెట్టిన మాటను పూర్తిగా చెప్పనివ్వండి. నేను అడ్డుపడి ఆపిన మాటను మళ్లీ వినే దారి నాకు లేదు.