కాళ్ల పళ్లెం

నా మీద మొదట నిలిచిన పాదాలు ఒక పెళ్లికొడుకువి. అత్తామామలు ఆ కాళ్ల మీద నీళ్లు పోశారు, తుడిచారు, నన్ను తీసి గోడకు ఆనించారు. కాళ్లు కడిగే పళ్లేనికి ఆ ఒక్క పూటే పని. తర్వాత పన్నెండేళ్లు మాణికేశ్వర్ నగర్‌లో ఒక రేకుల ఇంట్లో, సజ్జ మీద, పాత బొంత కింద పడి ఉన్నాను.

ఉస్మానియా క్యాంపస్‌కు ఆనుకుని ఉన్న బస్తీ మాది. కాగితం మీద మాణికేశ్వర్ నగర్, చాలామంది నోట మాత్రం వడ్డెర బస్తీ. మా ఇంటి తాత రాళ్లు కొట్టినవాడే. రైలు పోయినప్పుడల్లా రేకులు అదిరేవి, వాటితోపాటు నేనూ సన్నగా మోగేదాన్ని. ఆ చప్పుడు వినే కాబోలు, పదకొండేళ్ల పెద్దమ్మాయికి నేనున్నానని తెలుసు.

ఒక సాయంత్రం తార్నాకలో డాన్స్ క్లాసు నుంచి వచ్చీరాగానే అడిగింది. "అమ్మా, ఇత్తడి పళ్లెం తెమ్మన్నది టీచరు. అంచు గట్టిగుండాల్నట."

తల్లి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్టూలు వేసుకుని సజ్జ ఎక్కింది. చింతపండుతో నన్ను తోమి కూతురి చేతికిస్తూ, "పైలం బిడ్డా, నా పెండ్లి పళ్లెమది" అంది.

పళ్లెం మీద చేసే కూచిపూడి తరంగం అంటే ఏమిటో అందరికీ చూడ్డం వల్ల తెలుసు. నాకు కింద నుంచి తెలుసు. పాదం నడిమి భాగం నా అంచు మీద ఆనుతుంది, వేళ్లు అంచును పక్షి కొమ్మను పట్టినట్టు పడతాయి. పళ్లెం దానంతటది కదలదు. ఒంటి బరువు కుడికాలి మీదికి ఒరిగితే నా ఎడమ పక్క తేలికవుతుంది, ఆ పక్క జానెడు జరుగుతుంది. మళ్లీ బరువు ఇటు మారితే అటు పక్క జరుగుతుంది. పైన చేతులు కృష్ణుణ్ణి చూపుతుంటాయి, కళ్లు నవ్వుతుంటాయి, కింద మాత్రం నేలకూ నాకూ వేళ్లకూ మధ్య లెక్క నడుస్తూనే ఉంటుంది. మొదటి ఆర్నెల్లూ ఆ పిల్ల అరికాళ్లలో ఎర్రటి గీతలు పడ్డాయి. రాత్రి తల్లి కొబ్బరినూనె రాసేది.

ఒకసారి స్కూలు వార్షికోత్సవంలో, నున్నటి పలకల నేల మీద, నేను జారిపోయాను. పిల్ల మోకాళ్ల మీద పడింది. నా అంచుకు సొట్ట పడింది, ఇప్పటికీ ఉంది. ఆమె లేచి, నన్ను సరిచేసుకుని, వదిలిన తాళంలోనే మళ్లీ ఎక్కింది. ఆ రెండు క్షణాలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ గర్వం.

నారాయణ తీర్థులు సంస్కృతంలో రాసిన శ్రీకృష్ణలీలాతరంగిణిలో పాటల పేరు తరంగాలు. వాటికి పళ్లెం మీద చేసే నాట్యానికీ ఆ పేరే నిలిచింది. అయితే నా లాంటి పళ్లెం మీద మా పిల్ల లాంటి పిల్ల నిలబడటం వెనక చాలా కథ ఉంది. కృష్ణా జిల్లా కూచిపూడిలో ఇది కొన్ని కుటుంబాల మగవాళ్ల విద్య. ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా భామాకలాపంలో సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ వేసుకుని రంగం మీదికొస్తే మగవాడని నమ్మలేకపోయేవారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆ తలుపు బార్లా తెరుచుకుంది. ఆ తలుపులోంచి వచ్చిన గాలే ఎన్నో ఏళ్లకు మా రేకుల ఇంటిదాకా చేరింది.

పిల్ల పెద్దదై ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చేరింది. 1939లో కట్టడం పూర్తయిన ఆ గులాబి రంగు రాతి భవనం మెట్ల మీద ఎందరు కూర్చుని గ్రూప్స్‌కు చదివారో లెక్క లేదు. మా ఇంటికీ సాయంత్రాలు ఇద్దరు స్నేహితురాళ్లు వచ్చేవారు. ఒకరు అడగడం, మిగతావాళ్లు చెప్పడం. నేను గోడకు ఆని వినడం. వాళ్లలో హాస్టల్ అమ్మాయి క్విజ్ పోటీలకు వెళ్లేది. ఒకరోజు బ్యాలే మీద పేజీల కొద్దీ రాసుకొచ్చింది.

నేను ముందు పొరబడ్డాను. మా టీచరు, ఆమెకు నేర్పినవాళ్లు, నృత్యనాటకాన్ని 'బ్యాలే' అనే అంటారు. చినసత్యం గారి శ్రీనివాస కల్యాణం బ్యాలే, చండాలిక బ్యాలే అని. ఇది ఆ బ్యాలే కాదు, ఇటలీ దర్బారుల్లో పుట్టి ఫ్రాన్సులో పెరిగిన బ్యాలే. పద్నాలుగో లూయీ తానే సూర్యుడి వేషం కట్టి 1653లో ఆడాడట, 1661లో నాట్యానికి రాజ అకాడమీ పెట్టాడట. అందుకే అడుగుల పేర్లన్నీ ఫ్రెంచి. పారిస్ ఆపెరా రంగం మీద కూడా మొదట్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టారట, వృత్తి నర్తకి అక్కడ అడుగుపెట్టింది 1681లో. ఆ మాట వినగానే మా పిల్ల కూచిపూడి గుర్తొచ్చి నా వైపు చూసింది.

నన్ను పట్టుకున్న ప్రశ్న బూట్లది. మునివేళ్ల మీద నిలబడే ఆ బూట్ల ముందు భాగంలో చెక్క ఉంటుందని అందరూ అనుకుంటారట. చెక్క కాదు, బట్టా కాగితమూ జిగురూ పొరలు పొరలుగా అంటించి గట్టిపరిచిందే. 1832లో నర్తకి మరీ టాగ్లియోని లా సిల్ఫీడ్‌లో అలా మునివేళ్ల మీద లేచి గాల్లో తేలిపోయే మనిషిలా కనిపించిందట. ఆమె నేలను వదలాలని చూసింది. మా పిల్ల అరమండిలో మోకాళ్లు వంచి నన్ను నేలకు అదుముతుంది. రెండు చోట్లా నొప్పి వేళ్లదే అని నాకనిపించింది. ఆ బూటు నాకు దూరపు చుట్టం.

"స్వాన్ లేక్ మొదట ఎక్కడ ఆడిండ్రు?"

"మాస్కో బోల్షాయ్. 1877 మార్చి 4."

"కరెక్టే. దానికి సరిగ్గా నెల ముందు, ఫిబ్రవరి 4న, సెయింట్ పీటర్స్‌బర్గ్‌ల ఇంకో బ్యాలే ఆడిండ్రు. లా బయదేర్. మారియుస్ పెటిపా కూర్చిండు, మింకుస్ సంగీతం. అందుల రాజు ఏ ఊరి రాజు?"

ఇద్దరికీ తెలియలేదు.

"గోల్కొండ."

"ఏ గోల్కొండ? మన గోల్కొండనా?" మా పిల్ల లేచి నిలబడింది.

మన గోల్కొండే. అక్కడి వజ్రాల మాట యూరప్ అంతా పాకింది. 1766లోనే పారిస్‌లో సంగీతకర్త మోన్సిన్యీ 'గోల్కొండ రాణి ఆలీన్' కథను నాట్యంతో కలిపి రంగమెక్కించాడు. బయదేర్ అన్న మాట మాత్రం మనది కాదు, నాట్యకత్తె అని అర్థమిచ్చే పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి దేవదాసీలు పారిస్ వెళ్లి నిజంగానే ఆడారు. వాళ్లలో అమ్మణి ఆటకు కవి గోతియే ముగ్ధుడై రాశాడు. జిసెల్ బ్యాలేకు కథ కూర్చినవాళ్లలో ఆయన ఒకడు. పెటిపా రోజులకు ఆ అసలు పాదాలు ఎవరికీ గుర్తులేవు. ఆయన బ్యాలేలో గుడి నాట్యకత్తె నికియా, యోధుడు సోలోర్ ప్రేమించుకుంటారు. గోల్కొండ రాజు తన కూతుర్ని సోలోర్‌కివ్వాలనుకుంటాడు, నాట్యకత్తె చావాలని నిర్ణయిస్తాడు. ఆమె నాట్యమాడుతుండగా పూలబుట్ట చేతికిస్తారు. పూల కింద పాము. తర్వాత సోలోర్ కలలో తెల్లబట్టల నీడలు వాలు మీంచి ఒక్కొక్కటే, ఒకే అడుగు మళ్లీ మళ్లీ వేస్తూ దిగుతాయి. నర్తకుడు నురేయెవ్ 1992 అక్టోబరులో పారిస్‌లో ఆడించిన చివరి బ్యాలే ఇదే, మూడు నెలలకు అతను పోయాడు.

ఆ రాత్రి స్నేహితురాళ్లు వెళ్లాక మా పిల్ల ఫోన్‌లో ఆ నీడల దృశ్యం పెట్టుకుంది. నా పక్కనే కూర్చుని మూడుసార్లు చూసింది. తల్లి రొట్టెలు చేస్తూ వంగి చూసి, "ఎంత ఓపికనే వాళ్లకు" అంది.

తర్వాత తన నోటుపుస్తకంలో ఒక ప్రశ్న రాసి, తల్లికి చదివి వినిపించింది: "గోల్కొండ రాజు నాట్యం చేసినోళ్లకు ఏమిచ్చిండు?"

"ఏమిచ్చిండు?"

"రెండు జవాబులున్నయమ్మా. పీటర్స్‌బర్గ్‌ల పాము బుట్ట. ఇక్కడనేమో తానీషా కూచిపూడి వాళ్ల ఆట చూసి ఊరికి ఊరే అగ్రహారమిచ్చిండు అంటరు."

తానీషా, అంటే గోల్కొండ రాజు అబుల్ హసన్ కుతుబ్ షా గురించి తరతరాలుగా చెప్పుకునే కథ అది. ఔరంగజేబు 1687లో గోల్కొండ తీసుకున్నాడు, తానీషాను దౌలతాబాదులో బంధించాడు. రాజు పోయినా ఆయన ఇచ్చాడంటున్న ఊరు మిగిలింది. ఆ ఊరి నాట్యమే మా ఇంట్లో నా మీద నిలబడింది. పెటిపా ఆ కథ విని ఉంటే ఎంత బాగుండేదో.

క్విజ్‌లో ఆ ప్రశ్న అడిగారో లేదో నాకు తెలియదు. మా పిల్ల ఇప్పుడు ఆదివారాలు బస్తీ పిల్లలకు అడుగులు నేర్పుతోంది. మొన్న ఎనిమిదేళ్లది ఒకతి నన్ను చూసి ఆగలేక, ఎవరూ చూడనప్పుడు రెండు కాళ్లూ మోపింది. పాదాలు మరీ చిన్నవి, వేళ్లు అంచును అందుకోలేకపోయాయి. మా పిల్ల చూసింది, కోప్పడలేదు. దగ్గరికొచ్చి కూర్చుని, ఆ బొటనవేలిని నా సొట్ట దగ్గర పెట్టింది. అక్కడైతే పట్టు దొరుకుతుంది.