దుఃఖానికి సినిమా మందు

దెయ్యాల సినిమాల మీద నాకో సిద్ధాంతం ఉండేది. పోయినవాళ్ళని వెనక్కి తెచ్చుకోవాలని తాపత్రయపడే కథల్లో దెయ్యం ఉత్త వేషం, లోపలున్నదంతా దుఃఖమేనని. నేను కనిపెట్టిందేమీ కాదు, ఈ సినిమాలు చూసేవాళ్ళందరూ అనేదే. నేను మాత్రం సొంత సొమ్ములాగే చెప్పేవాణ్ణి, పెళ్ళి భోజనాల దగ్గర కూడా. విస్తరి ముందు కూర్చున్నవాడు లేచి పారిపోలేడు కదా.

మొదలు ఎప్పుడూ డబ్ల్యూ.డబ్ల్యూ. జాకబ్స్ 1902లో అచ్చేసిన కోతి పంజా కథే. మూడు కోరికలు తీర్చే ఎండిన పంజా ఒకటి ముసలి దంపతుల చేతికొస్తుంది. 200 పౌన్లు కోరుకుంటారు. కొడుకు ఫ్యాక్టరీలో యంత్రంలో చిక్కుకుని చచ్చిపోతే, సరిగ్గా అంత డబ్బూ ఇంటికొస్తుంది. తల్లి పట్టుబట్టి వాణ్ణి తిరిగి రమ్మని కోరిస్తుంది. తలుపు చప్పుడవుతుంది. ఆమె గడియ తీసేలోగా తండ్రి మూడో కోరిక వాడేస్తాడు. అక్కణ్ణుంచి స్టీఫెన్ కింగ్ ‘పెట్ సెమెటరీ’కి దూకేవాణ్ణి. 1983లో నవల, 1989లో మేరీ లాంబర్ట్ తీసిన సినిమా. అందులో ఒక నేల ఉంది, పాతిపెట్టినవి లేచొస్తాయి. ముందు కూతురి పిల్లిని పాతిపెడతాడు డాక్టరు. అది తిరిగొస్తుంది గానీ అది పాత పిల్లి కాదు. ఆ సంగతి కళ్ళారా చూసి కూడా, పసివాడు లారీ కిందపడి పోతే, శవాన్ని తవ్వి అక్కడికే మోసుకెళతాడు. ‘ఎంత మూర్ఖుడండీ!’ అని నవ్వేవాణ్ణి. తెరకి ఇవతల కూర్చుని మూర్ఖుల్ని పట్టుకోవడం నాకు బాగా అలవాటు.

మా పెద్దమ్మ కూతురిది రాజమండ్రి. బావ స్నేహితులతో కలిసి కారులో ఎవరి పెళ్ళికో వెళుతూ రోడ్డు మీదే పోయాడు. పదో రోజున గోదావరి గట్టున పిండం పెట్టారు. కాకులు చుట్టూ వాలుతున్నాయి గానీ ముట్టడం లేదు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి పోయినాయనకి మాటిస్తున్నారు. అమ్మాయి చదువు ఆగదన్నారు, ఇంటి అప్పు సంగతి మేం చూసుకుంటామన్నారు. చివరికి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ‘మీ బండి అమ్మన్లెండి’ అంది. కాకి వచ్చి ముట్టింది. అందరూ గొల్లుమన్నారు. నేను పక్కనున్న తమ్ముడి చెవిలో ‘చూశావా, వాళ్ళ సినిమాల్లో రమ్మని బతిమాలతారు, మనం వెళ్ళిపొమ్మని బతిమాలతాం’ అన్నాను. వాడు రెండడుగులు అవతలికి జరిగి నిలబడ్డాడు. మాట బాగా కుదిరిందని నేను ఫోన్లో రాసి పెట్టుకున్నాను.

నెల మాసికం అయ్యాక అక్క ఫోన్ చేసింది. రోజూ పొద్దున్నే బావ బండిని స్టాండు మీదే ఉంచి స్టార్ట్ చేస్తోందట. కదపకపోతే బ్యాటరీ దిగిపోతుందని ఎవరో చెప్పారు. తనకి నడపడం రాదు. ‘కాగితాలు నా పేరు మీదకి మార్చాలంటే ఏం చేయాలో కాస్త కనుక్కోరా’ అంది. సరేనన్నాను. మాటల్లో మాటగా రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని కూడా అంది. నేను బండి సంగతి వదిలేసి నిద్ర సంగతి పట్టుకున్నాను. దానికి నా దగ్గర మందుంది మరి.

ఆ మందు పేరు ‘ది బాబడూక్’. ఆస్ట్రేలియా దర్శకురాలు జెనిఫర్ కెంట్ 2014లో తీసింది. భర్త పోయిన అమీలియా, ఆమె కొడుకు, పిల్లల పుస్తకంలోంచి ఇంట్లోకి దిగిన ఒక నల్లటి ఆకారం. ఎంత తరిమినా పోదు. చివరికి దాన్ని ఇంటి అడుగున నేలమాళిగలో ఉండనిస్తుంది. దుఃఖం పోదు, దాంతో కలిసి బతకడం నేర్చుకోవాలన్నది తాత్పర్యం. అక్కకి లింకు పంపించి, కింద ‘ఇది దెయ్యం సినిమా కాదు, నీలాంటివాళ్ళ కోసమే తీశారు’ అని రాశాను.

ఎలా మొదలవుతుందో మాత్రం గుర్తు చేసుకోలేదు. అమీలియా భర్త ఆమెను పురిటికి ఆస్పత్రికి తీసుకెళుతూ కారు ప్రమాదంలో పోతాడు. సినిమా ఆమె కలతో మొదలవుతుంది. కారులో ఆవిడ, పక్కన భర్త, గుద్దుకున్న క్షణం, మొహం మీదకి ఎగిరే గాజు ముక్కలు.

‘చూశావా అక్కా?’ అని అడిగాను.

‘మొదట్లోనే కారు వచ్చిందిరా, ఆపేశాను’ అంది. గొంతులో కోపం లేదు. ‘బండి సంగతి కనుక్కున్నావా?’

కనుక్కోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టనిది నాకు. నా సిద్ధాంతంలోని మనుషులందరూ వరసగా గుర్తొచ్చారు. ఇన్నాళ్ళూ నేను గొయ్యి తవ్వినవాణ్ణే చూశాను, దారి చూపించినవాడి వంక చూడలేదు. ‘పెట్ సెమెటరీ’లో ఆ నేల ఉన్నట్టు డాక్టరుకేం తెలుసు? చూపించింది ఎదురింటి ముసలాయన జడ్. పిల్లి పోతే చిన్నపిల్ల ఏడుస్తుందన్న జాలితో తీసుకెళ్ళాడు. 2018లో యారీ ఆస్టర్ తీసిన ‘హెరెడిటరీ’లో కూతుర్ని పోగొట్టుకున్న యానీకి చచ్చినవాళ్ళని పిలిచే పద్ధతి నేర్పింది జోన్. నేనూ నావాళ్ళని పోగొట్టుకున్నదాన్నే అంటూ చేయి పట్టుకుంటుంది, కొవ్వొత్తి ఇచ్చి ఇంటికి పంపిస్తుంది. 2023లో విడుదలైన ‘టాక్ టు మీ’లో కుర్రకారు పార్టీల్లో ఒక చేతి బొమ్మని తిప్పుకుంటారు. దాన్ని పట్టుకుని పిలిస్తే ఆత్మ ఒంట్లోకి వస్తుంది, 90 సెకన్లు దాటకూడదు. తల్లి పోయిన మియాకి ఆ ఆట అందించింది చుట్టూ చేరి ఫోన్లలో వీడియోలు తీసుకునే స్నేహితులే.

జడ్‌ది జాలి, జోన్‌ది పన్నాగం, కుర్రాళ్ళది సరదా. అందరూ ఇచ్చింది తమ దగ్గరున్నది. ఎదుటి మనిషికి ఏం కావాలో అడిగినవాడు లేడు. అక్క నేను అడక్కుండానే చెప్పింది కూడా. జోన్ కొవ్వొత్తి ఇచ్చింది, నేను లింకు పంపించాను.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. ‘బాబడూక్’లోనే పక్కింటి ముసలావిడ శ్రీమతి రోచ్ ఉంది. వణుకుడు జబ్బు మనిషి. ఒక రాత్రి తలుపు కొట్టి, ఈ రోజులు నీకు కష్టమని తెలుసు, మీరిద్దరూ అంటే నాకు ప్రేమ, ఏం కావాలన్నా చేస్తానని చెప్పి వెళ్ళిపోతుంది. ఆవిడ చేతిలో పుస్తకం లేదు, మంత్రం లేదు. ఈ సినిమా మీద నేను పెద్ద వ్యాసమే రాశాను. అందులో ఆవిడ పేరు ఒక్కసారి కూడా లేదు.

తర్వాత రాజమండ్రి వెళ్ళాను. యజమాని పోతే బండి వారసుల పేరు మీదకి మార్చుకోవడానికి 31వ నంబరు ఫారం పెట్టాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఇన్సూరెన్సు జతచేయాలి. క్యూలో నిలబడి ఉంటే నాకు మళ్ళీ ఉపమానాలు తోచాయి. నోరు మూసుకుని సంతకాలు ఎక్కడ పెట్టాలో అక్కకి చూపించాను.

ఇంటికొస్తుంటే ఆటోలో అక్కే కదిపింది. ‘అవునురా, ఆ సినిమాలో చివరికి దెయ్యం ఏమవుతుంది?’

‘పోదక్కా. కింద గదిలో పెట్టి, వానపాములు ఏరి గిన్నెలో వేసి తీసుకెళ్ళి పెడుతుంది.’

అక్క కాసేపు ఆలోచించింది. ‘అంటే ఆవిడకి ఇంకో పని పెట్టారన్నమాట’ అంది.

ఆ గిన్నె మీద నా వ్యాసంలో రెండు పేరాలున్నాయి. చెప్పలేదు.